మా అన్నను కాగితాల్లో వెతికిన నా బిడ్డ

నా బిడ్డ పోయి మొన్న అమావాస్యకు నెల దాటింది. కామెర్లు. తొండూరులో పసరు పోయించాం, ప్రొద్దుటూరు ఆస్పత్రిలో సూదులు వేయించాం. ఇరవై రోజులు కూడా నిలవలేదు. ఆడపిల్లల బడిలో పన్నెండేండ్లు పంతులమ్మగా చేసింది. బడి తరఫున పుస్తకం వేస్తున్నాం, ఆమె గురించి మీరే నాలుగు మాటలు రాయండమ్మా అని పెద్ద పంతులమ్మ ఇంటికి వచ్చి అడిగింది. నేను బడికి పోయినదాన్ని కాదు. ఈ అక్షరాలు కూడా నా బిడ్డ పెట్టినవే. తప్పులుంటే చదివేవాళ్ళు దిద్దుకోండి.

మాది పులివెందుల దగ్గర తొండూరు. పెండ్లయిన రెండేండ్లకే అల్లుడు పోయినాడు. నా బిడ్డ ఏడ్చినన్నాళ్ళు ఏడ్చి, ఒకరోజు లేచి పెట్టె సర్దుకుంది. కడపలో ట్రైనింగు చదివి ప్రొద్దుటూరులో ఉద్యోగం తెచ్చుకుంది. వాళ్ళ నాయన కూడా పోయినాక, దానికి వండిపెట్టడానికి నేనూ ఇక్కడికే వచ్చేశాను. పొద్దున ఉగ్గాని నిలబడే తినేది. పెన్సిలు కొప్పులో దోపుకుని, అదెక్కడుందా అని ఇల్లంతా వెతికేది. నేను చూసి కూడా చెప్పేదాన్ని కాదు. వెతుకుతుంటే దాని ముఖం చూడముచ్చటగా ఉండేది.

సాయంత్రం పిల్లల పుస్తకాలు దిద్దడం అయినాక నా ముందర పలక పెట్టేది. అప్పటికే నాకు యాభై దాటింది. వేలు వంగేది కాదు. "మా, నీ 'మ'కు కడుపొచ్చిందే" అని నవ్వేది. నేను సిగ్గుపడి తుడిపేయబోతే చేయి పట్టుకునేది. "తప్పైనా సరే రాయి. రాయని మాటను దిద్దేదెట్ల?" ఈ మాట బడిలో పిల్లలకు కూడా చెప్పేదట. మొన్న వచ్చిన పిల్లలు అదే చెప్పి ఏడ్చినారు.

అక్షరాలన్నీ కుదిరినాక, నీకు నచ్చిన పేరు ఏదైనా రాయమంది. తన పేరు రాస్తానని అనుకుంది కాబోలు. నేను దస్తగిరి అని రాశాను. ఎవరని అడిగింది. మా అన్న అని చెప్పాను. నాకొక అన్న ఉన్నాడని నా కడుపున పుట్టిన బిడ్డకు అంతవరకు తెలియదు.

మా పుట్టిల్లు జమ్మలమడుగు తాలూకాలో పెన్న ఒడ్డున ఒక ఊరు. వానలు పడక, మేత లేక పశువులను సంతకు తోలేసిన ఏడు అది. నాకు ఆరేండ్లు, మా అన్నకు పద్దెనిమిది. సముద్రం అవతల, ఆఫ్రికా వైపు, నాటాలు దేశంలో చెరకు తోటల్లో పని ఉందని, కూలీలను పిలుచుకుపోయే మేస్త్రీ ఒకడు ఊళ్ళోకి వచ్చినాడు. మా అన్న నన్ను దొడ్లోకి పిలిచి చేతిలో బెల్లం ముక్క పెట్టినాడు. అమ్మకు చెప్పొద్దు పాపా, వానలు పడినాక వస్తా అన్నాడు. నేను బెల్లం తిన్నాను. రెండు రోజులు నోరు మెదపలేదు. చెప్పినాక మా నాయన కడప రైలు స్టేషను దాకా పోయినాడు. అప్పటికే రైలు పోయింది. ఆ తర్వాత కార్డు ముక్క లేదు. ఓడలోనే పోయినాడో, దిగి బతికినాడో తెలియలేదు. మా అమ్మకు మాత్రం చచ్చేదాకా ఒకటే మాట.

"బెల్లం ముక్కకు అన్నను అమ్ముకుంటివి గదే."

నీళ్ళు తోడుతూ, చెనిక్కాయలు ఒలుస్తూ మామూలుగా అనేది. తిట్టినట్టు కూడా ఉండేది కాదు. ఆ మాట మోసుకునే నేను అత్తగారింటికి పోయినాను. అంతా విన్న నా బిడ్డ ఆ రోజు పలక తుడపలేదు.

ఎవరెవరిని అడిగిందో, వారం తిరక్కుండానే సంగతి తెలుసుకుని వచ్చింది. "ఓడ ఎక్కినోళ్ళ పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీద మచ్చలు, అన్నీ రాసి పెడతారంట మా. పోయిన మనిషి దొరక్కపోవచ్చు. మనిషిని పంపిన కాగితం యాడికీ పోదు." అది కర్నూలు మనకు రాజధానిగా ఉన్న కాలం. పాత కాగితాలేమో మద్రాసులో ఉన్నాయి. మద్రాసే మనది కాకుండా పోయింది, మన కాగితాలు వాళ్ళెందుకు ఇస్తారు అన్నాను. కాగితాలకు రాష్ట్రం తెలియదులే అని నవ్వింది.

మా అన్న పేరు, మా కులం, ఊరు రాసి అర్జీ పంపింది. అట్లాంటి మనిషి లేడని జవాబు వచ్చింది. మళ్ళీ రాసింది. మళ్ళీ అదే జవాబు. ఎండాకాలం సెలవుల్లో తానే పోయింది. ఎర్రగుంట్లలో రైలెక్కి, మద్రాసులో తనతో ట్రైనింగు చదివిన ఆమె ఇంట్లో దిగి, రోజూ ఆ ఆఫీసులో కూర్చుంది. అక్కడ పేర్ల పట్టీలు మతంవారీగా కట్టి పెట్టి ఉంటే, హిందువుల పట్టీలన్నీ తిరగేసింది. దుమ్ముకు దగ్గు పట్టించుకుని తిరిగి వచ్చింది. మన తాలూకావాళ్ళు కొందరు ఉండారు, మామ లేడు అంది. ఇంక వదిలెయ్యమన్నాను. ఓడ ఎక్కకముందే పోయుంటాడని, ఆ పాపం నాదేనని లోపల ఖాయం చేసుకున్నాను.

బడి తెరిచిన వారం, ఒక సాయంత్రం నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. అన్నం ముందర కూర్చుని చెప్పింది. పెద్ద పంతులమ్మ గోదావరి వైపు నుంచి అప్పుడే కొత్తగా వచ్చింది. ఒకాయన బిడ్డను బడిలో వేయడానికి తెచ్చినాడు. పాప పేరు హుసేనమ్మ అనగానే, ఈమె అడగకుండానే రిజిస్టరులో ముస్లిం అని రాసేసిందట. ఆయన నొసట ఇంత నామం. "మేము గొల్లోళ్ళం తల్లీ. పీర్లకు మొక్కుకుంటే పుట్టింది. పేరు సామిది, పిల్ల మాది" అన్నాడట.

ఈ సంగతి రాయొచ్చా అని పెద్ద పంతులమ్మను అడిగాను. రాయండమ్మా, నాకూ ఆ రోజే మీ సీమ తెలిసింది అంది.

చెప్తూ చెప్తూ నా బిడ్డ ముద్ద చేతిలోనే ఆపేసింది. "మా, మామకు ఆ పేరు ఎట్ల వచ్చె?"

మా అన్నకు ముందు ఇద్దరు పుట్టి పోయినారు. మా అమ్మ పీర్ల చావిడి కాడ కొంగు పరిచి, ఈసారి బిడ్డ నిలిస్తే నీ పేరే పెట్టుకుంటానని దస్తగిరి స్వామికి మొక్కుకుంది. ఈ మాట నేను అంతకుముందు ఎందుకు చెప్పలేదంటే, చెప్పాల్సిన సంగతని నాకు తోచలేదు. మా ఊళ్ళలో ఇంటికొక దస్తగిరో మస్తానో ఉంటాడు. ఆ పేరు విని మమ్మల్ని వేరేవాళ్ళని ఎవరూ అనుకోలేదు.

"మన మొక్కు మద్రాసు గుమాస్తాకు ఏం తెలుస్తాది మా? ఇన్నాళ్ళూ మనం వేరే పట్టీలో ఎతుకుతాండాం."

దసరా సెలవులకు మళ్ళీ పోయింది. తిరిగి వచ్చిన రోజు కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, అప్పుడు ఒక కాగితం నా ముందర పెట్టింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో రాసుకొచ్చింది, నాకు ఆనేటట్టు పెద్ద పెద్ద అక్షరాలతో.

"నువ్వే సదువు."

కూడబలుక్కుని చదివాను. పేరు దస్తగిరి. మహమ్మదీయుడు. మా నాయన పేరు. మా ఊరి పేరు. ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ. చిన్నప్పుడు సంగటి కుండ మీద పడి కాలింది అది. నాటాలులో ఓడ దిగినాడు. చివరి వరస, దగ్గరి బంధువు ఎవరు అన్న చోట, చెల్లెలు ఓబులమ్మ.

ఓబులమ్మను నేను.

అప్పటికి మా నాయన ఉన్నాడు, మా అమ్మ ఉంది. వాళ్ళ పేర్లు చెప్పకుండా, ఆరేండ్ల దాని పేరు చెప్పినాడు. నేను ఆ వరస మీద వేలు పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదువుతూ ఉంటే నా బిడ్డ మెల్లగా అంది, "కోపమున్న మనిషి నీ పేరు చెప్తాడా మా?"

ఎవరైనా నా బిడ్డ మీకేం చేసి పెట్టిందని అడిగితే, నేను చెప్పేది ఇదే. యాభై ఏండ్లు నా మెడలో ఉన్న మాటను తీసి అవతల పెట్టింది.

తర్వాత అది ఆ కాగితంలోని నంబరు వేసి నాటాలు ఆఫీసువాళ్ళకు రాసింది. ఏడాది కావస్తుండగా మా అన్న కొడుకు దగ్గర నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. నా బిడ్డ తెలుగులో చెప్తూ చదివింది. మా అన్న ఐదేండ్లు చెరకు కొట్టి, తర్వాత కూరగాయలు పండించుకుని బతికినాడు. నలుగురు పిల్లలు. ఆడ కూడా పీర్ల పండగ చేస్తారట, ప్రతి ఏడూ పోయేవాడట. ఇంట్లోనే, పిల్లల మధ్యనే కన్ను మూసినాడు. అప్పటికి పదేండ్లయింది.

చావు కబురు ఎన్నేండ్లకు తెలిసినా, తెలిసిన రోజు తలకు పోసుకోవాలి. ప్రొద్దుటూరు ఇంట్లో బిందె నీళ్ళు ఉన్నాయి. కానీ నాకు మా ఊరి పెన్నలోనే పోసుకోవాలనిపించింది. నా బిడ్డ బడికి సెలవు పెట్టి జమ్మలమడుగు బస్సు ఎక్కించింది. ఏరు ఎండిపోయి కంటికి ఆనినంత మేర ఇసుకే. నేను చెంబు పట్టుకుని నిలబడిపోతే, అది చీర ఎగదోపుకుని మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో చెలమ తోడింది. మోచేతి లోతుకు తడి వచ్చింది. తర్వాత నీళ్ళు ఊరినాయి, ఎర్రగా, బురదగా. నేను తొందరపడి చెంబు ముంచబోయాను.

"ఉండు మా" అంది. "తేటపడినాక నేను పోస్తా."

ఇసుక జారి నీళ్ళలో పడకుండా రెండు అరచేతులూ చెలమ అంచుకు ఆనించి పట్టుకుంది. ఎండ దాని వీపు మీద పడుతోంది. తల ఎత్తకుండా, అడుగున నీళ్ళు కొంచెం కొంచెంగా తేటపడేది చూస్తూ అట్లే కూర్చుంది.