చేట కాపలా

కరోనాకి ముందటి సంవత్సరం, వేసవిలో, నన్ను దివిసీమలో ఒక సెక్టారుకి అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. సెక్టారంటే దాదాపు పాతిక కేంద్రాలు. బరువు తక్కువున్న పిల్లల ఇళ్లకి కార్యకర్తతో పాటు సూపర్‌వైజరు కూడా వెళ్లి చూడాలి. అలా చూసిందే కెజియా వాళ్ల ఇల్లు.

కెజియాకి మూడేళ్లు నిండలేదు. కుక్కని తోక పట్టుకుని లాగే గడుగ్గాయి, బియ్యం చెరిగే చేట కనపడితే మాత్రం కెవ్వుమని తల్లి కాళ్లు చుట్టేసేది. ఎందుకో ఎవరికీ తెలియదు. ఇలాంటివి చాలా చూశాను. ఒకడికి దువ్వెనంటే భయం, ఇంకొకడికి పీటంటే. బలవంతపెట్టకుండా వదిలేస్తే అవే పోతాయని తల్లులకి చెప్పడం మా ఉద్యోగంలో భాగం.

ఆ ఇంటి పెరటి గుమ్మానికి తలుపు లేదు, చెదపట్టి ఊడిపోయింది. గుమ్మం దాటితే నాలుగడుగుల్లో కాలవ. తలుపుండాల్సిన చోట చేట ఆనించి ఉంది.

"అదుంటే మా పిల్ల గడప దాటదండీ. ఇంక తలుపెందుకండీ?" అన్నారు నాయనమ్మ మరియమ్మ గారు నవ్వుతూ.

తల్లి సుగుణ మాత్రం, "తలుపు పెట్టించమని నేనూ పోరుతూనే ఉన్నానండీ" అంది.

ఈ భయం ఎన్నాళ్లో ఉండదని, కాలవకి నీళ్లు వదిలేలోపు తలుపు పెట్టించమని గట్టిగానే చెప్పాను. అప్పటికి కాలవ ఎండి ఉంది. ఎండిన కాలవని చూసి ఎవరు తొందరపడతారు? అలాగేనన్నారు.

నీళ్లొచ్చాయి. సుగుణ ఊడ్పులకి వెళ్లిన ఒక పొద్దున, కెజియా తనంతట తానే చేట తీసుకుని ఇసుక పోసి చెరగడం మొదలెట్టిందట. మరియమ్మ గారు మురిసిపోయి, "మా పిల్లకి భయం తీరిపోయిందర్రా, చూద్దురు గాని రండి" అని ఇరుగుపొరుగుని పిలిచి మరీ చూపించారు. అందరూ ముచ్చటపడ్డారు. గుమ్మం సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్లారు. చేట కాలవ గట్టున దొరికింది. పిల్ల దిగువన తూము దగ్గర దొరికింది.

జ్ఞాపకార్థ కూడికకి నేనూ వెళ్లాను. పెరటి గుమ్మానికి కొత్త తలుపు బిగించి ఉంది, ఇంకా రంగు వెయ్యలేదు. సుగుణ దానికి వీపు పెట్టి కూర్చుంది.

ఆ ఇంటివాళ్లు చెడ్డవాళ్లు కారు. పనిచేస్తున్న ఉపాయాన్ని నమ్ముకున్నారు, అంతే. పసిపిల్లల భయం చెప్పి రాదు, చెప్పి పోదు. అది పోయిన రోజు ఇంటిల్లిపాదీ సంతోషించాల్సిందే. కానీ ఆ రోజుకి ముందే తలుపు ఉండాలి.