ట్రెడ్‌మిల్ మీద పర్లేదండీ

గుండె పరీక్షకని ఏలూరులో ట్రెడ్‌మిల్ ఎక్కాను. ఛాతీకి వైర్లు అతికించిన అమ్మాయి, "గుండెలో బరువుగా ఉంటే చెప్పండి, ఆపేస్తాను" అంది. రోజూ చేపల చెరువు గట్టు మీద తిరిగేవాణ్ణి, నాకేమవుతుందిలే అనుకున్నాను. కాసేపటికి వేగం పెంచి, బెల్టుని ఏటవాలుగా లేపింది. మా కొల్లేరులో ఎత్తనేది ఎక్కడుంది గనక, ఎక్కడం అలవాటవడానికి? ఛాతీ పట్టేసినట్టయింది.

"ఎలా ఉందండీ?" అందా అమ్మాయి.

"పర్లేదండీ" అన్నాను. మా వైపు ఎవరేమడిగినా ముందు నోటికొచ్చే మాట అదే. మళ్లీ అడిగింది, మళ్లీ అదే అన్నాను.

డాక్టరుగారు గ్రాఫు చూసి, "ఇందులో తేడా లేదు, మీకూ ఇబ్బంది అనిపించలేదు కదా, భయం లేదండి" అన్నారు.

మరి నన్ను పట్టేసిందేమిటి? గుండేనా, వట్టి ఆయాసమా? బయటికొచ్చాక మళ్లీ లోపలికెళ్లి చెబుదామని వెనక్కి తిరిగాను. అక్కడే కూర్చున్న మా ఆవిడ, "ఏవండీ, ఎలా ఉంది?" అంది.

"పర్లేదు" అనేశాను.