వజ్రం కాలుతుందని చెప్పిన సాయంత్రం

ఆ రోజుల్లో పదో తరగతి చదివే పిల్ల ఏం చెప్పినా ఇంట్లో పెద్దవాళ్లు నమ్మేసేవాళ్లు. (కొంప ముంచింది అదే.) తొంభైల్లో మాది చిక్కడపల్లిలో ఉమ్మడి కుటుంబం, బడి నారాయణగూడలో. ఒకనాడు రసాయన బంధాల పాఠంలో టీచర్ బొగ్గూ, వజ్రమూ రెండూ కార్బనే అన్నారు. వజ్రంలో ఒక్కో పరమాణువు చుట్టూ ఉన్న నాలుగింటితో ఎలక్ట్రాన్లు పంచుకుని గట్టిగా బిగుసుకుంటుందట. అయినా బాగా వేడి చేస్తే బొగ్గులాగే కాలిపోతుందట. ఇంటికి రాగానే వంటింట్లో ఇదంతా ఉపన్యాసంలా దంచేశాను. పెళ్లిలో నానమ్మ పెట్టిన వజ్రపు ముక్కుపుడక మీద మా చిన్నమ్మకు ముందునుంచీ అనుమానం. నేను కాళ్లు కడుక్కుని వచ్చేసరికి ఆ పుడకను పట్టకారుతో పట్టి గ్యాసు మంట మీద పెట్టేసింది! రాయికి మసి పట్టింది తప్ప అది కాలలేదు. (వంటింటి మంట అందుకు చాలదని కూడా టీచర్ చెప్పారట. అప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టున్నాను.)

“కాలలే! అంటే గాజురాయి పెట్టిన్రా అత్తమ్మా నాకు?” అని చిన్నమ్మ ఏడుపు అందుకుంది. నానమ్మ మొహం ఎర్రబడింది. “ఏందే, నేను మోసం చేసిన్నా? నడువు సేటు దగ్గరికి. పెండ్లిల మీ మామ పెట్టిన నా కమ్మలు గూడ చూపిస్త. అసలు వజ్రమంటే ఎట్లుంటదో చూద్దువు!” తాతయ్య గొంతు సవరించుకుని, “వానొచ్చేటట్టుంది, రేపు పోదాం తియ్యి” అన్నాడు. ఎవరూ వినలేదు.

అశోక్‌నగర్ మలుపులోని నగల దుకాణంలో సేటు మసి తుడిచి, భూతద్దంలో చూసి, “పుడక అసలు వజ్రమే” అన్నాడు. నానమ్మ గర్వంగా కమ్మలు తీసి ఇచ్చింది. ఆయన వాటిని తిప్పి తిప్పి చూసి, “ఇవి మాత్రం గాజువమ్మా” అన్నాడు.

చిన్నమ్మ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. నానమ్మ మెల్లగా తాతయ్య వైపు తిరిగింది. “అప్పుడు నాకు కొలువు లేకుండె,” అన్నాడాయన నేల చూపులు చూస్తూ. “తర్వాత మారుద్దమనుకున్న. నువ్వు గంత మురిసిపోతుంటే చెప్పబుద్ధి కాలే.” నానమ్మ కమ్మలు తిరిగి చెవులకు పెట్టుకుని, “ఇంటికి నడువున్రి, చాయ్ యాళ్లయింది” అంది. కొన్నాళ్లపాటు తాతయ్యకు మాత్రం ఆ చాయ్ చిన్నమ్మ చేతి మీదుగానే అందింది.

ఆ పాఠంలో గీసుకున్న బొమ్మలేవీ నాకిప్పుడు గుర్తు లేవు. కొలువు లేని ఒక కుర్రాడు గాజురాళ్లు జేబులో వేసుకుని, భయపడుతూ తన పెళ్లికి తాను వెళ్లడం మాత్రం, కళ్లారా చూడకపోయినా, బాగా గుర్తు.