ఆ ముసుగు వెనక ఉన్నది మా అత్త

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీకు చెబితే తప్పు మాసిపోతుందని కాదు. ఇంకా దాచడం నా వల్ల కావడం లేదు.

నేను వీడియో గేములకు బొమ్మలు గీస్తాను. మా గేములో ఒక యోధ పాత్ర ఉంది. కళ్లు తప్ప ముఖమంతా ముసుగు. కొమ్ముల మృగం మీద స్వారీ. మాట ఉండదు. గేము వచ్చిన కొత్తలో ఆడేవాళ్లంతా ఒకటే వాదన: ఆడా, మగా? ఏ పురాణంలోంచి తెచ్చారు? ఆఫీసు వాళ్లు జవాబు నన్నే రాయమన్నారు. "మగవాడే. విదేశీ వీరగాథలు చదివి గీశాను" అని రాశాను.

రెండూ అబద్ధాలే. అది మా చిన్నత్త.

నర్సింహులపేటలో మామ పోయాక, ఆయన చొక్కా చీర మీద తొడుక్కుని, ఆయన ట్రాక్టర్ తనే నడిపి ఊరి పత్తిని కేసముద్రం మార్కెట్‌కు చేర్చేది. దుమ్ముకు ముఖమంతా తువ్వాలు చుట్టుకునేది. లారీల వాళ్లు ఆడా మగా అని నవ్వుతుంటే, మడ్‌గార్డు మీద కూర్చున్న చిన్నపిల్లనైన నేను తల దించుకునేదాన్ని. ఆమె ఏనాడూ దించలేదు. లోడుతో ఆమె వస్తుంటే ఆ నవ్వినవాళ్లే దారి ఇచ్చేవారు.

మరి ఎందుకు దాచాను? ఆఫీసులో నవ్వుతారనా? లేక, ఇంత చదివి ఇంత సంపాదించుకున్నా, నాలో ఆ తల దించుకున్న పిల్ల ఇంకా తల ఎత్తనే లేదా?

ఆ జవాబు రాశాక ఊరికి వెళ్లినప్పుడు, అత్త నా ఫోనులో ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"గిది నేనేనా బిడ్డా?"

"కాదత్తా. గాయన మగాయన."

"మరి తువ్వాల ముడి నా లెక్కనే ఎడమ దిక్కున్నదేంది?"

అత్త ఫోను నా చేతిలో పెట్టి, "మంచిగ గీసినవ్" అని వెళ్లిపోయింది. లోకం ముందు కాదన్నందుకంటే, ఆమె ముఖం మీదే కాదన్నందుకు నాకు ఎక్కువ సిగ్గు.

నిన్న నా పాత జవాబు కిందే నిజం రాశాను. కొందరు నమ్మలేదు. అత్తకు ఫోను చేసి చెప్పాను. "ఊఁ" అంది, అంతే. క్షమించమని అడగలేదు. అడిగే హక్కు ఉందనుకోను.

కానీ నేను గీసినవాటిలో గర్వంగా చెప్పుకునేది అదొక్కటే. ఆ యోధ ఆడమనిషి. పేరు యాకమ్మ. మా అత్త.