బిందె ఇడిసి రా

ఎదురింటివాళ్ళు ఇల్లు కట్టుకుంటూ మా వాకిలి ముందే ఇసుక పోయించారు. తీయమని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. అయినా నా మాట విన్నవాళ్ళు ఈ ఊళ్ళో ఇంతవరకు ఎవరున్నారు గనుక! నిన్న ఆ కుప్ప మీద నీళ్ళు చల్లినప్పుడు లేచిన తడి వాసనకు మాత్రం, తిట్టడానికి తెరిచిన నోరు అట్లాగే మూతపడింది. అది మా వాగు వాసన.

నా చిన్నప్పుడు, దేవరకొండ అవతలి మా వాగు ఎండాకాలమంతా ఇసుకే. రోహిణి కార్తెలో బావులు అడుగంటితే ఆడవాళ్ళు ఆ ఇసుకలో చేతులతో చెలిమలు తోడి, ఊరిన నీటిని కొబ్బరి చిప్పతో ముంచి బిందెల్లో పోసుకునేవారు. చెలిమ ఊరేదాకా వేరే పని ఉండదు గనుక పెద్దవాళ్ళు ఒకరి తలలో ఒకరు పేలు చూసుకుంటూ, కోడళ్ళ మీద చాడీలు చెప్పుకుంటూ కూర్చుంటే, మేము అమ్మ కొంగున కట్టి తెచ్చిన జొన్న పేలాలు నములుతూ, పాదాల మీద తడి ఇసుక మెత్తి పిచ్చుక గూళ్ళు కట్టేవాళ్ళం. మా అక్క బాలమ్మ కట్టిన గూడు ఎన్నడూ కూలలేదు. నాది నిలబడేది కాదు. ఆ ఉక్రోషం ఇప్పటికీ ఉంది.

ఒక ఏడు అక్క చేతిలో కుండ పగిలితే, బాపు సంతలో ఇత్తడి బిందె తెచ్చాడు. దాన్ని అక్క నడుముకు ఎత్తుతూ అమ్మ, "గిది గూడ పోగొట్టినవనుకో, ఇంటికి రాకు," అన్నది. నవ్వుతూనే అన్నది. ఏ తల్లయినా అనే మాటే.

ఆ వారంలోనే ఒక పగలు పడమటి గుట్టల మీద మెరిసింది. మా నెత్తిన మాత్రం మాడ్చే ఎండ. ఉన్నట్టుండి బురద వాసనతో చల్లగాలి తగిలింది, దాని వెనకే హోరు. అమ్మ నన్ను చంకనేసుకొని ఒడ్డుకు ఉరికింది. అక్కా, ఆమె జతగత్తె అంజమ్మా మా వెనకే వస్తున్నారు. సగం దూరం వచ్చాక అక్క బిందె కోసం వెనక్కి మళ్ళింది.

"బాలీ, బిందె ఇడిసి రావే!"

అమ్మ గొంతు చీలిపోయింది. ఎర్రనీళ్ళు వచ్చిపడ్డాయి.

ఆ తర్వాత అమ్మ దారిన పోయే ప్రతి ఆడపిల్లనూ ఆపి ఈ సంగతి చెప్పేది. ఆ పిల్లలు ఇళ్ళలో చెప్పారు, పెళ్ళిళ్ళయి పోయిన ఊళ్ళలో చెప్పారు. పడమట మెరిస్తే చాలు, తల్లులు ఒడ్డున నిలబడి "బిందె ఇడిసి రా" అని కేకలేసేవారు. అట్లా ఎందరు పిల్లలు బతికారో, కాదనను. కానీ మొదట అక్క పేరు పోయింది, తర్వాత "ఎనుకట ఒక పిల్ల" అన్నారు, ఆపైన ఆ పిల్ల కూడా పోయి మాటొక్కటే మిగిలింది. అమ్మ మాత్రం పోయేదాకా నన్ను ఒకటే అడిగింది: "నా మాట దానికి ఇనబడ్డదారా?"

మొన్న చాయ్ హోటల్లో, పొలం గట్టు తగాదా వదిలేయమని ఒకడు ఇంకొకడికి "బిందె ఇడిసి రా" అనే మాటే చెప్పాడు. అది మా అమ్మ మాట అన్నాను.

"గది సామెత, తాతా. సామెతలకు అమ్మానాయినలుంటరా?" అని వాడంటే అందరూ నవ్వారు.

కోపంతో ఇంటికొచ్చి మనవరాలికి జరిగిందంతా చెప్పబోతే, నా నోటి వెంట మొదట వచ్చింది "ఎనుకట ఒక పిల్ల" అనే. అక్క ముఖం ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు.

ఇప్పుడు వాగులో ఇసుక లేదు, లారీలకెక్కింది. తవ్వితే బండ తగులుతుంది. ఆనాటి వాళ్ళలో నేను కాక అంజమ్మక్క ఒక్కతే మిగిలింది. పోయి అడిగాను.

"అందరికి తెలిసిందే గద, తమ్మీ. అమ్మ అరిసింది, పిల్ల బిందెకు పోయింది," అని వక్క నములుతూ తలుపు దగ్గరికి వేసింది.

అంజమ్మక్కా, అందరికీ తెలిసింది నాకొద్దు. ఆ రోజు నువ్వు మా అక్క పక్కనే ఉన్నావు. అమ్మ అరిచినప్పుడు అక్క ఇటు తిరిగి చూసిందా, లేదా? ఆ ఒక్కటి చెప్పు.