కోదండం కూర్చోవడం నేర్చుకున్నాడు

కోదండం ముప్పై ఏళ్లు కూర్చునే బతికాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మధుకర్ వాళ్ల చీరల కొట్లో, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద, బాసింపట్టు వేసుకుని. కొంగు పట్టుకుని ఒక్క విసురు విసిరితే పోచంపల్లి చీర ఆ చివరిదాకా పరుచుకునేది. కొనే ఉద్దేశం లేనివాళ్లు కూడా ఆగి చూసేవారు. మగ్గం వదిలి పట్నం వచ్చిన మనిషికి ఆ విసురొక్కటే మిగిలింది.

కుడి మోకాలు అరిగిపోయి మార్పిడి ఆపరేషన్ అయ్యాక, మధుకర్ పళ్ల సంచీతో ఇంటికొచ్చాడు.

"నీ జాగ యాడికి పోదు కాకా. మంచిగ కూసునుడు ఒచ్చినంక రా."

అలా కోదండం జిమ్ము మెట్లెక్కాడు.

ఎల్బీనగర్‌లోని ఆ జిమ్ములో అరవై దాటినవాడు ఆయనొక్కడే. ఇస్త్రీ ప్యాంటు, టక్ చేసిన చొక్కా, జేబులో పెన్ను. మొదటిరోజే తువ్వాలనుకుని ఎవరిదో బనియన్‌తో మొహం తుడుచుకున్నాడు. నేర్పే అమ్మాయి రమ్య, డాక్టరు రాసిచ్చిన కాగితం చూసుకుంటూ సైకిలు తొక్కించింది, కొద్దిపాటి బరువుతో కాళ్లు చాపించింది. ఐదో నెలలో నేలమీది పరుపుపై కూర్చోబెట్టింది.

"బాసింపట్టు వద్దంకుల్, కొత్త మోకాలు. ఆ కాలు చాపుకోండి. ఆఁ, సూపర్! ఇప్పుడు లేవడం. పక్కకి తిరిగి, చేతులూ మోకాళ్ల మీదికి వచ్చి..."

కోదండం చుట్టూ చూశాడు. అద్దాల నిండా పడుచుపిల్లలు. వీళ్ల ముందు అంబాడాలా?

"కూసున్నోనికి లేసుడు రాదా బిడ్డా? గది నాకొస్తది," అంటూ చెయ్యి చాపాడు. రమ్యే లేవదీసింది. మర్నాడు లేవడం నేర్పబోతే ప్యాంటు మాస్తుందన్నాడు. ఆ మర్నాడు శనివారమన్నాడు.

మంచిరోజు చూసుకుని కొట్టుకెళ్లి, తన చోట్లో కూర్చున్నాడు. మనవరాలి పెళ్లికని హనుమాయమ్మ అనే ఆవిడ కూతురు అమలతో వచ్చింది. కోదండం విసిరాడు. చీర ఆ చివరిదాకా వెళ్లింది.

"అబ్బ, చెయ్యి తిరిగినోరండీ బాబు! ఆ పై అరలో ఆకుపచ్చది కూడా తీయండి," అంది హనుమాయమ్మ.

తీయాలంటే లేవాలి. కోదండం లేవబోయాడు. మళ్లీ లేవబోయాడు. పక్కనున్న చీరల దొంతర పట్టుకుంటే దొంతరే వచ్చి ఒళ్లో పడింది.

"అమలా, ఆ రెక్క పట్టుకోవే!" తల్లీకూతుళ్లు చెరోపక్కా లాగి నిలబెట్టారు. "మరేం ఫర్లేదండీ. మావారైతే దీపావళికి కింద కూర్చుని ఉగాదికి లేచారు," అంది హనుమాయమ్మ. కొట్టంతా నవ్వింది. అందరికంటే ముందు కోదండమే నవ్వాడు.

మధుకర్ మాత్రం నవ్వలేదు. సాయంత్రానికి గుమ్మం పక్కన ఎత్తు కుర్చీ వేయించాడు.

"రేపటిసంది ఈడ కూసొని రండమ్మా రండి అను, చాలు. జీతం గంతే కాకా, పరేషాన్ గాకు."

నా జాగ యాడికి పోదంటివి గదరా అని కోదండం అడగలేదు. కుర్చీ చెయ్యి నిమిరి, "మంచిగున్నది," అన్నాడు.

తెల్లవారి జిమ్ములో, "లేసుడు నేర్పు బిడ్డా," అన్నాడు. చేతులూ మోకాళ్ల మీద అంబాడాడు. ఒక్కరూ ఇటు చూడలేదు. ఎవరి కండలు వాళ్లు అద్దంలో చూసుకుంటున్నారు. ఐదోసారికి బెంచీ పట్టుకుని ఒక్కడే లేచాడు.

రమ్య చప్పట్లు కొట్టింది. "ఇంకేంటంకుల్! కొట్లో దర్జాగా కూర్చోండి."

"కూసుంట బిడ్డా."

చొక్కా టక్ సరిచేసుకుని మెట్రో ఎక్కాడు. గుమ్మం పక్కన కుర్చీ అప్పటికే తుడిచిపెట్టి ఉంది.