మనిషికి ట్యూబు... పిల్లికి ఇంజనాయిలు

మా చిన్నప్పుడు... బందరు పక్క గిలకలదిండిలో అమ్మమ్మ వాళ్ళింట్లో, వలల గది మూల పాత వల కుప్ప మీద పిల్లి పిల్లల్ని పెట్టింది. ఎవరూ విసుక్కోలేదు. ఎలకలు వల కొరికితే మావయ్యకి ఆ రోజు చేపల వేట పోయినట్టే... అందుకే పిల్లులకి మా ఇంట్లో విడిగా ఓ సొట్ట గిన్నె ఉండేది. అందులో చేప తలకాయలు పడేవి.

ఆ పిల్లల్లో ఒకటి తెల్లగా, గుండ్రటి మొహంతో ఉండేది. చందువా చేపలా ఉందని దాని పేరు చందువా అని పెట్టాను. మావయ్య పాత లుంగీ మీద పడుకోవడమంటే దానికి మహా ఇష్టం. నేను బడి నుంచి రాగానే లేచొచ్చి నా ఒళ్ళోకెక్కేది...

కొన్నాళ్ళకి దాని చెవి పక్కన బొచ్చు ఊడిపోయింది. గుండ్రంగా, పొట్టు రాలుతూ... ఆ వెనకే నా మోచేతి మీద ఉంగరంలాంటి ఎర్రటి మచ్చ. ఒకటే దురద. అమ్మమ్మ చూసి, "తామరే ఇది! ఆ పిల్లిని ముట్టుకోవద్దంటే వింటేగా!" అని నా వీపు మీద ఒక్కటేసింది.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో తామర అంతకు ముందే ఉంది. తడి లుంగీతో పొద్దస్తమానం బోటు మీదుండే మావయ్యకి నడుం చుట్టూ ఉండేది. మందుల షాపు నుంచి ట్యూబు తెచ్చుకుని, గూట్లో దాచుకుని, శ్రద్ధగా రాసుకునేవాడు. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకూ అదే ట్యూబు రాశారు. చందువాకి మాత్రం...

బోటు ఇంజన్లోంచి తీసేసిన ఆయిలు ఎప్పుడైనా చూశారా? నల్లగా, చిక్కగా, కంపు కొడుతూ... మా వీధిలో ఏ కుక్కకి గజ్జి పట్టినా, ఏ పిల్లికి బొచ్చు ఊడినా అదే మందు. ప్రతి ఇంటి వెనకా ఓ డబ్బా ఉండేది. మావయ్య ఓ పాత బ్రష్షు తెచ్చి చందువాని తల నుంచి తోక దాకా పూసేశాడు. నేను ఏడుస్తుంటే, "ఊరుకోవే... కొత్త బొచ్చు వచ్చుద్ది" అన్నాడు.

పిల్లి ఒంటికి ఏదంటితే అది నాక్కుంటుంది. ఆ మాత్రం తెలియడానికి చదువక్కర్లేదు, కళ్ళుంటే చాలు. చందువా నాక్కుంటూనే ఉంది... కక్కుకుని మళ్ళీ నాక్కుంది. తల్లి పిల్లి దగ్గరికొచ్చి, వాసన చూసి, వెనక్కెళ్ళిపోయింది. తెల్లారేసరికి చందువా వల కుప్ప పక్కన బిగుసుకుపోయి ఉంది.

మావయ్య దాన్ని కాలవ గట్టు అవతల పడేసొచ్చి, కాళ్ళు కడుక్కుని చద్దన్నానికి కూర్చున్నాడు. "జబ్బు ముదిరిపోయింది" అన్నాడు. అమ్మమ్మా అదే అంది. జబ్బంట!

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే... ఒళ్ళు మండుతోంది కాబట్టి.

నేనిప్పుడు బందరులోనే ఉంటున్నాను. తల్లిలేని పిల్లి పిల్లల్ని తెచ్చి, ఎవరైనా పెంచుకోవడానికి తీసుకెళ్ళేదాకా మా ఇంట్లో సాకుతాను. ఈసారి వచ్చినవాటిలో ఓ బుడ్డదానికి చెవి దగ్గర అదే గుండ్రటి మచ్చ. వెంటనే పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన గది చీకటి చేసి, నీలం లైటు వేసి చూసి, మచ్చ అంచున వెంట్రుకలు పీకి పరీక్షకి పంపారు.

"తామరని అనుమానమండీ. తేలేదాకా మిగతావాటితో కలపకండి. పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, దాని పక్క గుడ్డలు రోజూ మార్చండి. ప్రాణం తీసే జబ్బేం కాదు, మందులకి తగ్గిపోతుంది" అన్నారు.

ప్రాణం తీసే జబ్బు కాదు... నాకు ఎప్పుడో తెలిసిన సంగతే. అయినా డాక్టరు నోట ఇంకోసారి చెప్పించుకున్నాను. మనుషుల నుంచి పిల్లులకి కూడా అంటుతుందా అని అడిగాను. "ఎందుకంటుకోదండీ... అంటొచ్చు" అన్నారు. మావయ్య లుంగీ గుర్తొచ్చింది.

మొన్న ఆదివారం మావయ్య వచ్చాడు. పెద్దవాడైపోయాడు, వేటకెళ్ళడం మానేశాడు. నాకిష్టమని పీతలు తెచ్చాడు. బాత్రూంలో విడిగా ఉంచిన బుడ్డదాన్ని తలుపు సందులోంచి చూసి, "దీనికి ఆస్పత్రులెందుకమ్మా... ఇంజనాయిలు పూస్తే పోద్దిగా. రేపు డబ్బా పంపిస్తాలే" అన్నాడు.

కోపం నషాళానికంటింది.

"ఆ ఆయిలు పూసే కదా మావయ్యా నా చందువాని చంపావు! నీ నడుముకి ట్యూబు రాసుకున్నావే... ఒక్కసారన్నా ఆ ఆయిలు పూసుకున్నావా?" అని అరిచేశాను. ఆయన మీద అంతకు ముందెప్పుడూ గొంతెత్తలేదు నేను.

మావయ్య బిత్తరపోయాడు.

"ఏ పిల్లమ్మా?" అన్నాడు.

"వలల గదిలో... తెల్లది. నీ లుంగీ మీద పడుకునేది."

"ఏమో మరి... ఎన్నిటికో పూశాంగా. ఏదని గుర్తుంటది?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే గుర్తులేదు ఆయనకి. దాంతో నా కోపం ఇంకా పెరిగిందే తప్ప తగ్గలేదు. ఎన్నిటికో అంట!

పరీక్షలో తామరేనని తేలింది. డాక్టరుగారిచ్చిన మందు రాస్తుంటే బుడ్డదానికి మచ్చ మీద సన్నగా నూగు మొలుస్తోంది. మందు నాక్కోకుండా మెడకి అట్ట పట్టీ కట్టానని నా మీద తెగ అలిగింది. అలగనీ... అలగడానికైనా బతికుందిగా.

ఇప్పుడు బోట్లలో జీపీయస్ ఉంది. ఫోన్లో గాలీ వానా చూసుకుని వేటకెళ్తున్నారు. అన్నీ మారాయి, ఇంటి వెనక ఆ నల్ల డబ్బా మాత్రం కదల్లేదు... మీ ఇళ్ళ వెనకా ఉండే ఉంటుంది. దాన్ని పూయించుకుని పోయిన పిల్లులూ కుక్కపిల్లలూ మీకెవరికైనా గుర్తుంటే, కనీసం వాటి పేర్లైనా కింద రాయండి.

మా ఇంట్లో దాని పేరు చందువా.